వెనక స్పీకర్లకు మాట రప్పించడం: మా హాల్లో మూడు వారాల తంటా

మొదటి శనివారం

ఈ పని నా అంతట నేను నెత్తికెత్తుకున్నది కాదు, అమ్మ పెట్టింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా ఫ్లాట్ హాలు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. టీవీ గోడ నుంచి వంటింటి గుమ్మం దాకా టేపు పెట్టి కొలిస్తే 22 అడుగులు. టీవీకి 9 అడుగుల దూరంలో సోఫా, సోఫాకి 4 అడుగులు వెనగ్గా రెండు పక్క గోడల మీద సరౌండ్ స్పీకర్లు, ఆ తర్వాత డైనింగ్ టేబులు, అది దాటితే వంటిల్లు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అమ్మ ఉండేది వంటింట్లో. సీరియళ్ళూ వార్తలూ వచ్చేది కూడా సరిగ్గా ఆ టైముకే. ఆమెకి దగ్గరగా ఉన్నవి వెనక స్పీకర్లే, అవేమో నోరు తెరవవు.

"రెండేండ్ల సంది సూస్తున్నరా, ఎనక డబ్బాలల్లకెల్లి మాట ఇనొస్తలేదు, ఉత్త గాలి ఇనొస్తది" అంది పొద్దున టీ ఇస్తూ. డబ్బాలు అనేసరికి కాస్త రోషం వచ్చిన మాట నిజం, కానీ ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. వంటింట్లోకి వినపడాలని సౌండ్ పెంచితే సోఫాలో ఉన్నవాళ్ళ చెవులు చిల్లులు పడతాయి. తగ్గిస్తే అమ్మ గరిటె పట్టుకుని హాల్లోకొచ్చి "ఏమన్నడు?" అని అడుగుతుంది.

సామాను ఇదీ: పాత 5.1 ఏవీ రిసీవర్ (టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లన్నిటికీ పంచే ఆంప్ పెట్టె), ముందు రెండు పెద్ద స్పీకర్లు, టీవీ కింద సెంటరు, మూలన సబ్‌ఊఫర్, వెనక మూడంగుళాల కోన్ ఉన్న చిన్న స్పీకర్లు రెండు. సెటాప్ బాక్సు టీవీకి, టీవీ నుంచి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ తీగ మీదే వెనక్కి పంపే దారి) మీద రిసీవర్‌కి. కావాల్సింది ఒక్కటే: టీవీలో వచ్చే మాట మొత్తం వెనక స్పీకర్లలోంచి కూడా పూర్తిగా రావాలి. శుక్రవారం రాత్రి నా సినిమా సరౌండ్ మాత్రం చెడకూడదు.

ఆదివారం

ముందు స్పీకర్లు బతికున్నాయో లేదో చూడాలి కదా. రిసీవర్ సెటప్ మెనూలో టెస్ట్ టోన్ అని ఉంటుంది, నొక్కితే కుక్కర్ మూత వదులు చేసినప్పుడు వచ్చే "ష్ష్" లాంటి చప్పుడు ఒక్కో స్పీకర్‌లోంచి వంతులవారీగా వస్తుంది. ముందు ఎడమ, సెంటరు, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. అన్నీ వచ్చాయి. వెనక ఎడమది కొంచెం నీరసంగా వచ్చింది, దాని సంగతి తర్వాత చూద్దాం అని రాసుకున్నాను. మొత్తానికి డబ్బాలు బాగానే ఉన్నాయి, వాటికి పని ఇచ్చేవాడే లేడు.

రిసీవర్ ముందు అద్దంలో ఏ సిగ్నల్ వస్తోందో చూపించే చోటు ఒకటుంటుంది. మా దాంట్లో ఇన్‌ఫో బటన్ నొక్కితే అంకెల్లో చూపిస్తుంది. 3/2.1 అని వస్తే ముందు మూడు, వెనక రెండు, సబ్‌ఊఫర్ ఒకటి, అంటే అసలైన 5.1. 2/0 అని వస్తే ముందు రెండే, వెనక సున్నా. రెండేళ్ళుగా నేను "డాల్బీ" అన్న పేరు ఒక్కటే చూసి మురిసిపోతున్నాను. డాల్బీ డిజిటల్ అనేది డబ్బా పేరు మాత్రమే, అందులో రెండు చానళ్ళు పెట్టి పంపినా పేరు అదే. అమ్మ చూసే సీరియల్ పెట్టి నొక్కాను: 2/0. వార్తలు: 2/0. మా ప్యాకేజీలో ఉన్న తెలుగు చానళ్ళన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాను, ఒక్కటీ 2/0 దాటలేదు.

సోమవారం రాత్రి

సినిమాల యాప్‌లో 5.1 అని రాసి ఉన్న సినిమా పెట్టినా 2/0 యే వస్తోంది, ఇదేం ఖర్మ అనుకుని టీవీ సెట్టింగుల్లోకి దూరాను. సౌండ్, ఎక్స్‌పర్ట్, డిజిటల్ ఆడియో అవుట్... అక్కడ పీసీఎం (అంటే కుదించని సౌండ్) అని ఉంది. దొరికిపోయాడు దొంగ. మామూలు ఏఆర్‌సీ మీద పీసీఎం అంటే రెండు చానళ్ళే వెళ్తాయి. ఐదు చానళ్ళూ డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి పంపితేనే పడతాయి. పాత ఆప్టికల్ తీగదీ ఇదే కథ. కుదించకుండా 7.1 దాకా పంపగలిగే ఈఏఆర్‌సీ వచ్చింది 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1 తో, నా రిసీవర్ దానికంటే పెద్దది వయసులో. పీసీఎం తీసేసి ఆటో పెట్టాను, కొన్ని టీవీల్లో దీన్నే పాస్‌త్రూ అనో బిట్‌స్ట్రీమ్ అనో అంటారు. వెంటనే 3/2.1 వెలిగింది. వాన సీను, వెనక గోడల మీంచి వాన. హాయిగా అనిపించింది.

అమ్మ వంటింట్లోంచి "ఇప్పుడు వాన ఇనొస్తుంది, మాట ఇనొస్తలేదు" అంది.

అక్కడ బుర్ర వెలిగింది. 5.1 సినిమాలో మాట సెంటరులోకి పోతుంది, వెనక్కి పంపేది వాన, జనం గోల, సంగీతం తోక. అంటే అసలైన సరౌండ్ ఎంత బాగా పనిచేస్తే అమ్మకి అంత నష్టం. సరే, రెండు చానళ్ళ సీరియల్‌నే ఐదు చేసే మోడ్ పెడదాం అని ప్రో లాజిక్ 2 నొక్కాను. వెనక స్పీకర్‌కి చెవి ఆనించి విన్నాను. వీణ వినపడింది, ఏడుపు సీనులో హోరు వినపడింది, అత్తగారి మాట మాత్రం పక్కింట్లోంచి గోడ దాటి వస్తున్నట్టు ఉంది.

మంగళవారం

చదివాక అర్థమైంది. ప్రో లాజిక్ లాంటి ఈ డీకోడర్లన్నీ పనిచేసేది ఒక తేడా మీద. ఎడమ చానల్లోనూ కుడి చానల్లోనూ ఒకేలా ఉన్నదాన్ని (అంటే మాటని) సెంటరుకి పంపుతాయి, రెండింటికీ తేడాగా ఉన్నదాన్ని వెనక్కి పంపుతాయి. 1987లో వచ్చిన మొదటి ప్రో లాజిక్‌లో అయితే వెనక రెండు స్పీకర్లకీ కలిపి ఒకటే చానలు, అది కూడా 7 కిలోహెర్ట్జ్ పైనున్న సన్న చప్పుళ్ళు కత్తిరించినది. 2000లో వచ్చిన ప్రో లాజిక్ 2 లో ఆ కత్తిరింపు పోయింది, వెనక ఎడమ వేరు, కుడి వేరు అయ్యాయి. కానీ మాట వెనక్కి పోకూడదన్న పట్టు మాత్రం అలాగే ఉంది. సినిమా హాల్లో హీరో తెర మీద నుంచి మాట్లాడాలి గానీ మన వీపు వెనక నుంచి కాదు కదా, అందుకని. అమ్మకి కావాల్సింది సరిగ్గా ఆ తీసేసిన ముక్కే.

గురువారం

మూడో అంతస్తులో ఉండే అంకుల్ ఒకప్పుడు రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసేవారు. లిఫ్టులో కనపడితే సంగతి చెప్పాను. "ఆ తేడా ఏందో చెవులతోనే ఇంటవా? సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకొని రా" అన్నారు. ఆయన దగ్గర పాత స్టీరియో ఆంప్ ఒకటి ఉంది. స్పీకర్‌ని మామూలుగా ఎర్ర టెర్మినల్‌కీ నల్ల టెర్మినల్‌కీ కదా కలుపుతాం, ఆయన రెండు చిన్న స్పీకర్లని వరసగా ఒకదానికొకటి కలిపి, ఆ జంట ఒక కొసని ఎడమ చానల్ ఎర్రదానికీ, రెండో కొసని కుడి చానల్ ఎర్రదానికీ ఇచ్చారు. నల్లవాటిని ముట్టుకోలేదు. దీన్ని డేవిడ్ హాఫ్లర్ పేరు మీద హాఫ్లర్ సర్క్యూట్ అంటారు, చిప్పు లేదు, డీకోడర్ లేదు, రెండు చానళ్ళ తేడా మాత్రమే స్పీకర్‌లో పలుకుతుంది. పాత పాట పెట్టారు. గాయకుడు మాయమయ్యాడు! వయొలిన్లు, తబలా ప్రతిధ్వని, కోరస్, అన్నీ ఉన్నాయి, పాడేవాడు లేడు. ముందు స్పీకర్లు కూడా ఆన్ చేయగానే గొంతు ఠక్కున వచ్చి మధ్యలో కూర్చుంది.

ఇంట్లో ఎవరైనా ప్రయత్నించేట్టయితే ఒక్క మాట. నల్ల టెర్మినళ్ళు రెండూ లోపల ఒకటిగా కలిసి ఉండే పాతకాలం ఆంప్ మీదే ఇది చేయాలి. ఇప్పటి చిన్న డిజిటల్ ఆంపుల్లో, బ్రిడ్జి రకాల్లో చేస్తే ఖర్చు మీదే. నేను నా రిసీవర్ మీద చేయలేదు, అంకుల్ చేయనివ్వలేదు కూడా.

కిందికి దిగుతుంటే ఆయన అన్న మాట: "మీ అమ్మకి సరౌండ్ ఎందుకు బాబూ, స్టీరియోనే నాలుగు దిక్కులా పెట్టు." మూడు రోజులు చదివినదంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. రిసీవర్లలో దానికో మోడ్ కూడా ఉంది, డెనాన్ వాళ్ళు మల్టీ చానల్ స్టీరియో అంటారు, ఆంక్యో వాళ్ళు ఆల్ చానల్ స్టీరియో అంటారు, యమహా పాత మోడళ్ళలో 5 చానల్ స్టీరియో అని ఉంటుంది. నా దాంట్లోనూ ఉంది. పార్టీ పాటల కోసమని ఎప్పుడూ దాని వంక చూడలేదు. ముందు ఎడమలో ఏది వస్తే వెనక ఎడమలోనూ అదే, కుడిదీ అంతే, రెండూ కలిపినది సెంటరులో. కోత లేదు.

రాత్రి పెట్టి చూశాను. మాట వచ్చింది! కానీ ఎడమ స్పీకర్ నీరసం ఇప్పుడు కొట్టొచ్చినట్టు తెలుస్తోంది.

రెండో శనివారం

మల్టీమీటర్ పెట్టి చూస్తే ఎడమవైపు వైరులోనే ఒకటిన్నర ఓమ్ పోతోంది. ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ మిగిలిన సన్న వైరు లాగేశాడు, దారం కంటే కొంచెం లావు అంతే. ఆరు ఓమ్‌ల స్పీకర్‌కి దారిలోనే ఒకటిన్నర పోతే ఇంక ఏం మిగులుతుంది? ఎడమ వైరు హాలు చుట్టూ తిరిగి 15 మీటర్లు పోతుంది కాబట్టి ఈ బాధ, కుడి వైరు పొట్టిది. 16 గేజ్ రాగి వైరయితే రానూపోనూ 30 మీటర్లకి 0.4 ఓమ్ మాత్రమే.

కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి నడిచాను. శనివారం మధ్యాహ్నం ఆ గల్లీలో నడవడం అంటే భుజం ముందు పెట్టి దూరడమే. ఒక కొట్లో ఆంపులు, పక్క కొట్లో ఊఫర్ కోన్లు, ఇంకో కొట్లో ఒట్టి కనెక్టర్లు, అన్నీ ఒకేసారి పాడుతుంటాయి. మొదటి కొట్లో మీటరు 22 రూపాయలన్నాడు, చవకే అనిపించి బ్లేడుతో ఒక పోగు గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. రెండో కొట్లో పెద్దమనిషి తనే గీకి చూపించాడు, "సూడన్నా, లోపట గూడ గదే రంగు" అని. మీటరు 45. పాతిక మీటర్లు కొని, పక్కనే అరటికాయ బజ్జీలు తిని వచ్చేశాను. బజ్జీల్లో ఉప్పెక్కువైంది.

ఆదివారం

ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది. కొత్త వైరు గోడ అంచు వెంట క్లిప్పులతో కొట్టుకుంటూ పోతున్నాను, రిసీవర్ ఆన్‌లోనే ఉంచి పాటలు వింటూ. పదకొండో క్లిప్పు మేకు వంకరపోయింది. వంకరది పీకకుండా ఇంకో దెబ్బ వేశాను. రిసీవర్‌లోంచి "టక్" అని చప్పుడు, పాట ఆగిపోయింది, అద్దం మీద ప్రొటెక్ట్ అని మెరిసి ఆరిపోయింది.

గుండె జారిపోయింది. అరగంట ప్లగ్గు తీసి ఉంచాను, అమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది కానీ ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం. తర్వాత ఆ మేకు పీకి చూస్తే వైరు రెండు పాయల మధ్య నుంచి సూటిగా దిగి, రెండు వైపుల రాగినీ తాకి నల్లగా ఉంది. షార్టు అవగానే లోపలి రిలే స్పీకర్లని తెంపేసింది, అందుకే ఆంప్ బతికింది. ఆ చోట వైరు కోసి, సోల్డర్ చేసి, ఒక్కో పాయకీ విడివిడిగా ట్యూబు తొడిగి, మళ్ళీ ఆన్ చేసే ముందు మీటర్ పెట్టి రెండు పాయల మధ్య కలయిక లేదని చూసుకున్నాను. ఆన్ చేశాను. రెండు సెకన్లు ఏమీ లేదు. మళ్ళీ ఆ "టక్", ఈసారి పాటతో.

ఇక నుంచి మేకులు లేవు. మిగతా దూరం అంటించే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలో.

మంగళవారం

కొత్త వైరు, ఎడమా కుడీ సమానంగా పలుకుతున్నాయి, మీటర్ కూడా అదే చెప్తోంది. అయినా ఏదో తేడా. డైనింగ్ టేబులు దగ్గర, అంటే రెండు వెనక స్పీకర్ల మధ్య సరిగ్గా నిలబడితే న్యూస్ చదివే ఆవిడ గొంతు తల చుట్టూ తిరుగుతోంది, ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు, గొంతులో బరువు లేదు. ఒక అడుగు పక్కకి జరిగితే బాగుంటుంది. టెస్ట్ టోన్ పెట్టాను, అన్నీ మంచిగానే ఉన్నాయి. అదీ తమాషా: టెస్ట్ టోన్ ఒక్కో స్పీకర్‌కి విడిగా వస్తుంది కాబట్టి ఈ తప్పు దానికి దొరకదు.

స్పీకర్ జాలీ ఊడదీసి, రిసీవర్ దగ్గర ఆ వైరు కొసలు విప్పి, గోడగడియారంలోంచి తీసిన 1.5 వోల్టుల సెల్లుని క్షణం పాటు తగిలించాను. ప్లస్సు ఎర్ర పాయకి. కుడి స్పీకర్ కోన్ చిటుక్కుమని బయటికి వచ్చింది, కప్ప గొంతు ఉబ్బినట్టు. ఎడమది లోపలికి పోయింది. ఆదివారం మేకు గొడవ అయ్యాక చీకట్లో కలిపినప్పుడు పాయలు తారుమారు చేశాను, పారదర్శకం వైరు మీద ఉన్న సన్న ఎర్ర గీత నా కంటికి ఆనలేదు. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది, మధ్యలో గాలి కదలక మాట చచ్చిపోతోంది. తిప్పి పెట్టాను. న్యూస్ ఆవిడ వచ్చి డైనింగ్ టేబులు మీద కూర్చున్నంత స్పష్టంగా ఉంది.

గురువారం

ప్రతిధ్వని. అమ్మ అంటుంది "ఒక్క మాట రెండుసార్లు అంటుండు" అని. ముందు స్పీకర్లు దూరం, వెనకవి దగ్గర కాబట్టి అలా వస్తుందేమో అని కాగితం మీద లెక్కేశాను. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు, అడుగుకి ఒక మిల్లీసెకను కంటే కొంచెం తక్కువ. వంటింటి గుమ్మం నుంచి ముందువి 22 అడుగులు, వెనకవి 9. తేడా 13 అడుగులంటే 12 మిల్లీసెకన్లు కూడా లేదు, పైగా సోఫాకి సరిపోయేలా రిసీవర్ వెనక స్పీకర్లని ఇంకొంచెం ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకా తగ్గుతుంది. 30 మిల్లీసెకన్ల లోపు తేడా ఉంటే మాటని మన చెవి రెండుగా వినదు, ముందు వచ్చినవైపు నుంచే వచ్చిందనుకుంటుంది. 1949లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో చూపించింది ఇదే. అంటే దోషం దూరానిది కాదు.

పావుగంట వెతికాక కనపడింది: టీవీ సొంత స్పీకర్లు కూడా మోగుతున్నాయి. మొన్న ఆడియో అవుట్ మార్చినప్పుడు "టీవీ + బయటి స్పీకర్" అని పడిపోయింది. రిసీవర్ సిగ్నల్‌ని విప్పి పంపేసరికి కొంత ఆలస్యం అవుతుంది, టీవీ స్పీకర్ మాత్రం ముందే అరిచేస్తుంది. టీవీ స్పీకర్ ఆఫ్. ప్రతిధ్వని మాయం.

మూడో శనివారం, ఆదివారం

రెండు రోజులూ సౌండ్ తూకానికే పోయాయి. సీరియల్ టైములో ముందు స్పీకర్లు మైనస్ 4 డెసిబెల్, సెంటరు మైనస్ 2, వెనకవి ప్లస్ 3. వెనకవాటిని స్మాల్ అని పెట్టి 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సబ్‌ఊఫర్‌కి పంపాను, మూడంగుళాల కోన్లకి బేస్ ఇస్తే గొంతు గరగరలాడుతోంది. వాటి మూతి ఇంతకుముందు సోఫావైపు ఉండేది, ఒక 15 డిగ్రీలు వంటింటివైపు తిప్పాను. సినిమాకి ఇది కొంచెం అన్యాయమే, 5.1 లో వెనక స్పీకర్లు కూర్చున్న మనిషికి 110 డిగ్రీల దగ్గర ఉండి అతనివైపు చూడాలని లెక్క. మా ఇంట్లో లెక్క వేరు.

ఇక అసలు చిక్కు, అమ్మ మోడ్ నుంచి నా మోడ్‌కి రోజూ ఎవరు మారుస్తారు? రిమోట్ మీద 48 బటన్లు. దీనికి పరిష్కారం నాకు అనుకోకుండా దొరికింది, నా రిసీవర్ ఏ ఇన్‌పుట్‌కి ఏ మోడ్ పెట్టామో, ఏ లెవెల్స్ పెట్టామో విడివిడిగా గుర్తు పెట్టుకుంటుంది. సెటాప్ బాక్సుని టీవీ నుంచి పీకేసి నేరుగా రిసీవర్ హెచ్‌డీఎంఐకి కలిపాను. ఆ ఇన్‌పుట్‌కి ఐదు స్పీకర్ల స్టీరియో, పైన రాసిన లెవెల్స్. టీవీ యాప్‌ల నుంచి ఏఆర్‌సీ మీద వచ్చేదానికి మామూలు సరౌండ్, అన్నీ సున్నా. ఇప్పుడు ఇన్‌పుట్ మారిస్తే చాలు, మిగతాదంతా దానంతటదే మారుతుంది. రిమోట్ మీద ఆ బటన్ పక్కన అమ్మ తన స్టిక్కర్ల అట్ట నుంచి మెరూన్ బొట్టు బిళ్ళ ఒకటి తీసి అంటించింది. "ఎర్రది నీది, మెరూన్‌ది నాది" అని నా బటన్‌కి కూడా ఒకటి పెట్టింది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. టీవీ ఆన్ చేయగానే సీఈసీ (హెచ్‌డీఎంఐ మీద ఒక పెట్టె ఇంకో పెట్టెని నడిపించే ఏర్పాటు) వల్ల రిసీవర్ దానంతట అదే ఏఆర్‌సీ ఇన్‌పుట్‌కి దూకుతోంది, అమ్మ మెరూన్ నొక్కేదాకా మాట వెనక్కి రాదు. సీఈసీ ఆపేస్తే ఏఆర్‌సీ కూడా పోతోంది మా టీవీలో. ఒక బటన్ ఎక్కువ నొక్కడమే కదా, నొక్కుతానంది.

నిన్న రాత్రి తొమ్మిది గంటల వార్తల్లో ఎవరో ఉల్లిగడ్డల ధర గురించి చెప్తుంటే వంటింట్లోంచి "ఏడ అమ్ముతున్నరు ఆ రేటుకి, రమ్మను మా రైతు బజార్‌కి" అని జవాబు వినపడింది. మిక్సీ పెట్టినప్పుడు మాత్రం ఏ స్పీకరూ దాని ముందు నిలవడం లేదు. ఎడమ గోడ మీద ఆరడుగుల కేసింగ్ పట్టీ ఇంకా అంటించాలి, మేకు దిగిన చోట పోయిన సున్నం ముక్క పూడ్చాలి.